నలభై మంది వేలిముద్రలు

ఉదయం తొమ్మిదీ పది. కాలేజీలో విచారణ మధ్యాహ్నం మూడింటికి. అంటే నా చేతిలో ఉన్నది ఆరు గంటలకు పది నిమిషాలు తక్కువ. అందులో టెక్కలి నుంచి పలాసకు, పలాస నుంచి మళ్లీ టెక్కలికి నా ముసలి బైకు తినేసే గంటన్నర పోగా మిగిలేది నాలుగుంపావు చిల్లర.

నా పేరు హెన్రీ. టెక్కలిలో జిరాక్స్ షాపు మేడ మీద ‘డిటెక్టివ్’ అని బోర్డు కట్టుకుని కూర్చుంటాను. ఎక్కువగా పెళ్లికొడుకుల అలవాట్లు ఆరా తీసే పనే దొరుకుతుంది. అలాంటి నా దగ్గరకి బీకాం మూడో సంవత్సరం చదివే ప్రమోదిని పలాస జీడి ఫ్యాక్టరీ ఆడవాళ్ల మీద రాసిన ప్రాజెక్టు రిపోర్టు, వాళ్ల వేలిముద్రలున్న నలభై సర్వే ఫారాలు చంకన పెట్టుకుని వచ్చింది. ముఖం చూస్తే రెండు రాత్రులు నిద్రపోయినట్టు లేదు.

“ముందు ఒకటి చెప్పు. ఆ నలభై ఫారాలూ నువ్వే కూర్చుని రాసేశావా?”

“లేదు సార్. నలభై మందినీ అడిగే నింపేను. ఒక్కొక్కరికి ఇరవై నిమిషాలు.”

“ఎక్కడ?”

“కాశీబుగ్గ దగ్గర బొడ్డమ్మ పిన్నింట్లో. ఆవిడా అదే ఫ్యాక్టరీలో జీడి పిక్కలు కొడతాది. నాలుగు రోజులు వాళ్లింట్లోనే ఉన్నాను. పని దిగేక రోజుకి పది మంది వచ్చేవారు.”

“పది మందికి ఇరవై చొప్పున మూడు గంటల ఇరవై నిమిషాలు. అయిదున్నరకి మొదలెడితే తొమ్మిదికి గానీ తెమలవు. పొద్దస్తమానం పిక్కలు కొట్టి వచ్చిన ఆడవాళ్లు వంట మానేసి నీ ప్రశ్నలకి జవాబులు చెప్పారా?”

“వంతులేసుకున్నారు సార్. ఇద్దరు వండేవారు, మిగతావాళ్లు నా దగ్గర కూర్చునేవారు. నాకూ పెట్టేవారు.” ఆ పిల్ల కళ్లు తుడుచుకుంది. “వాళ్ల రుణం నేను ఎలా తీర్చుకుంటాను సార్? ఆ అన్నం తిని నేను దొంగ ఫారాలు రాశానంటన్నారు.”

అబద్ధం చెప్పేవాళ్లు టైములు చెబుతారు గానీ ఎవరు వండారో చెప్పరు. నేను నమ్మేశాను.

సంగతి ఇది. పలాసలో ధర్మారావు గారి జీడి ఫ్యాక్టరీలో ఆడవాళ్లకి కిలో పప్పుకి ఇంత అని కూలి. ప్రమోదిని పని గంటలు లెక్కేసింది, చేతికొచ్చిన కూలి లెక్కేసింది, రెండూ పొసగలేదు. దాంతో ఒకరోజు ఒంటిగంటా పదికి, గుమాస్తా భోజనానికి వెళ్లినప్పుడు, సంచీలోంచి కిలో ఉప్పు ప్యాకెట్ తీసి ఫ్యాక్టరీ తూకం మిషను మీద పెట్టింది. ఎనిమిది వందల ఎనభై గ్రాములు చూపించింది. మూడుసార్లు పెట్టింది, మూడుసార్లూ అంతే. ఫోటో తీసింది. తలుపు దగ్గర కాపలా నిలబడ్డది బొడ్డమ్మ.

ఆ రిపోర్టు విద్యార్థుల పోటీలో జిల్లా దాకా వెళ్లింది. తూనికల శాఖ వాళ్లు కాపీ అడిగారు. ఆ వెంటనే ధర్మారావు కాలేజీకి ఫిర్యాదు పంపాడు. ఫారాలన్నీ బోగస్ అన్నాడు. “నన్నెవరూ ఏ ప్రశ్నా అడగలేదు” అంటూ అదే నలభై మంది పేర్లతో, వేలిముద్రలతో నలభై వాంగ్మూలాలు జతచేశాడు. విచారణ కమిటీ ఈరోజు ధర్మారావు మాట నమ్మితే ప్రాజెక్టు రద్దు, డిగ్రీ ఏడాది వెనక్కి, యూనివర్సిటీలో వచ్చిన ఎంకాం సీటు గోవిందా. తూనికల వాళ్లు కూడా ఫైలు మూసేసుకుంటారు. ఆ మిషను కిలోకి నూట ఇరవై గ్రాములు మింగుతూ హాయిగా బతుకుతుంది.

“ఆ నలభై మందిలో ఎవరూ రారా?”

“పని పోద్దని భయం సార్. నేను తప్పు పట్టను.”

“మీ గైడు ఎవరు?”

“సూర్యారావు సార్. టాపిక్ ఇచ్చిందీ ఆయనే. కమిటీలో కూడా ఉన్నారు. క్షమాపణ రాసిచ్చేయమ్మా, ఏడాదే కదా పోయేది అన్నారు. నా మంచికే చెప్పుంటారు.”

ఫీజు సంగతి ఎత్తబోయింది. డిగ్రీ వచ్చాక మాట్లాడదాం అని బైకు తాళం తీశాను.

పదీ ఇరవై అయిదుకి గేటు దగ్గర పేరూ పనీ చెప్పి ధర్మారావు ఫ్యాక్టరీలోకి వెళ్లాను. నాకంటే ముందే అక్కడ ఒక పెద్దమనిషి కుర్చీలో కూర్చుని ఉన్నాడు. ఇస్త్రీ చొక్కా, జేబులో భూతద్దం. విశాఖపట్నం నుంచి దిగిన వైకుంఠరావు. ముప్పై ఏళ్లు వేలిముద్రల విభాగంలో పనిచేసి రిటైరై సొంతంగా డిటెక్టివ్ ఏజెన్సీ పెట్టుకున్నాడు. ధర్మారావు తరఫున వేలిముద్రలు పరీక్షించి రిపోర్టు ఇచ్చింది ఈయనే.

“మీరేనా ఆ అమ్మాయి తరఫు? పెళ్లి సంబంధాలు చూస్తారని విన్నానే!” అన్నాడు.

“చూస్తానండి. మీ ఇంట్లో ఎవరైనా ఉంటే చెప్పండి, కన్సెషన్ ఇస్తాను.”

పక్కనే నిలబడ్డ ధర్మారావు నవ్వాపుకున్నాడు. “హెన్రీగారూ, మీరేటి సూడాలంటే అది సూసుకోండి. నా ఫ్యాక్టరీలో దాపరికం లేదు” అంటూ తూకం గదికి తీసుకెళ్లాడు.

దార్లో కొన్న కిలో ఉప్పు ప్యాకెట్ తీసి మిషను మీద పెట్టాను. వెయ్యీ అయిదు గ్రాములు. ప్యాకెట్ కవరు బరువు కూడా ధర్మంగా చూపించింది.

“సూసినారా? మిషనుకి అబద్దం తెల్దు” అన్నాడు ధర్మారావు.

నేను మిషను వదిలేసి గది చూశాను. జీడి పిక్క పెంకులో రసం ఉంటుంది. తగిలితే చర్మం కాలుతుంది, అంటితే మచ్చ పోదు. ఆముదం రాసుకున్నా, బూడిద అద్దుకున్నా ఆ ఆడవాళ్ల చేతులకి అది అంటుతూనే ఉంటుంది, ఆ చేతులు తాకిన ప్రతిదానికీ అంటుతుంది. తలుపు నల్లగా ఉంది. స్విచ్ బోర్డు నల్లగా ఉంది. కుళాయి, బల్ల, గోడకి చెయ్యి ఆనించే చోటు, అన్నీ నల్లగానే ఉన్నాయి. తూకం మిషను పళ్లెం మాత్రం పెళ్లికి కొన్నట్టుంది.

“ఇది ఎప్పటి మిషను?”

“నాలుగేళ్లయినాది.”

“నాలుగేళ్లుగా రోజూ సాయంత్రం వందమంది చేతులు పడితే ఒక్క మచ్చ లేదా? ప్రమోదిని ఫోటోలో పళ్లెం అంచంతా నల్లగా ఉంది.”

“తుడిపించాను. శుభ్రంగా ఉంచడం నేరమా?” ధర్మారావు గొంతు కాస్త పెరిగింది.

వైకుంఠరావు అడ్డొచ్చాడు. “ఆ ఫోటోలో మిషను ఉంది, ఫ్యాక్టరీ లేదు. ఎక్కడిదైనా కావచ్చు. మీకు కావలసింది రుజువు, మచ్చలు కాదు.”

“అయితే ఒక్కటి చెప్పండి. ఆ నలభై వాంగ్మూలాలు ఎక్కడ తీసుకున్నారు?”

“ఈ ఫ్యాక్టరీలోనే. పన్నెండో తారీఖు, పదకొండు నుంచి పన్నెండు లోపు. కాగితాల మీదే టైము రాసి ఉంది.”

“మీ ఎదురుగానా?”

“నేను పధ్నాలుగున వచ్చాను. వచ్చాక పరీక్షించాను.” ప్లాస్టిక్ కవరులోంచి కట్ట తీసి చూపించాడు. నలభై కాగితాలూ తెల్లగా మెరుస్తున్నాయి. ప్రమోదిని ఫారాలు ఇందాకే చూసి వచ్చాను, వాటిలో గోధుమరంగు మరక లేని కాగితం ఒక్కటీ లేదు. పిక్కలు కొట్టే షెడ్డులో, పనివేళ నడుమ, నలభై మంది పట్టుకున్న కాగితాలు ఇలా ఎలా ఉన్నాయి? ఏదో నాలిక చివరే ఉంది, బయటికి రాలేదు.

పదకొండూ ముప్పావుకి బొడ్డమ్మ ఇల్లు. ఆవిడ ఆరోజు పనికి వెళ్లలేదు. భర్త అప్పన్న నులక మంచం మీద పడుకుని ఉన్నాడు. మోచేతి దగ్గర నరం ఉబ్బి ఉంది. ఇంటింటా కిడ్నీ జబ్బుండే ఈ ఉద్దానంలో ఆ చెయ్యి చూస్తే ఎవరూ ఏమైందని అడగరు, డయాలసిస్ వారానికి ఎన్నిసార్లని అడుగుతారు.

“మూడుసార్లు బాబూ” అంది బొడ్డమ్మ, అడక్కుండానే.

“ప్రమోదిని మీ ఇంట్లో ఉందా అమ్మా?”

“ఎవులో సదువుకునే గుంటలు వస్తంటారు, ఎల్తంటారు. నాకేటీ తెల్దు.”

“నాలుగు రోజులు మీ అన్నం తిన్నానని చెప్పింది. మీ పేరు చెబుతూ ఏడ్చింది.”

బొడ్డమ్మ తల తిప్పేసుకుంది. లోపలికి వెళ్లి గ్లాసుతో మంచినీళ్లు తెచ్చింది. అది దాటవేయడమని నాకు తెలుసు. ఏం మాట్లాడాలో తోచక గోడకి వేలాడుతున్న ఖాళీ రేషన్ సంచీ చూసి, “బియ్యం ఇంకా తెచ్చుకోలేదా?” అన్నాను.

“ఆ మెషీను మీద నా ఏలు పడదు బాబూ. ఎన్నిసార్లు నొక్కినా నువ్వు నువ్వు కాదంటాది. పోయిన నెల కన్ను సూపించి తెచ్చుకున్నాను. ఈ నెల ఆ కన్ను మెషీను పాడైనాదంట.”

గ్లాసు నా చేతిలోనే ఉండిపోయింది.

మా అమ్మ ఇరవై రెండేళ్లు పలాసలో పిక్కలు కొట్టింది. ఆ చేతులతోనే నాకు అన్నం కలిపి పెట్టింది, ఆ కూలితోనే నన్ను డిగ్రీ దాకా లాక్కొచ్చింది. రేషన్ డీలరు ఆమె బొటనవేలిని పట్టుకుని అటూ ఇటూ తిప్పి విసుక్కోవడం నేను పక్కన నిలబడి ఎన్నిసార్లు చూశానో! అలాంటి అమ్మ కొడుకునైన నాకు రెండు గంటల క్రితమే వెలగాల్సింది. సిగ్గేసింది. ఆ తరవాత అమ్మ మీద ఎంత కృతజ్ఞత ముంచుకొచ్చిందంటే, ముక్కూ మొహం తెలీని బొడ్డమ్మకి రెండు చేతులూ జోడించేశాను.

“నాకెందుకు బాబూ దండం?”

“అమ్మా, మూడింటికి టెక్కలి కాలేజీకి రండి. ఒక్క వేలిముద్ర వేస్తే చాలు. ఆ పిల్ల బతుకు నిలబడుతుంది.”

ఆమె ముఖం పాలిపోయింది. “నానెక్కడికీ రాను. నన్నొగ్గేయండి” అని లోపలికి వెళ్లిపోయింది.

మూడింటికి ప్రిన్సిపాల్ మేడమ్ గది. బల్లకి ఆ చివర మేడమ్, పక్కన తెల్ల కాగితాలు ముందేసుకుని గైడు సూర్యారావు, ఎదురుగా ధర్మారావు, వైకుంఠరావు. ప్రమోదిని నిలబడే ఉంది. కూర్చోమన్నా కూర్చోలేదు.

వైకుంఠరావు రిపోర్టు చదివాడు. చదవడం బాగానే చదివాడు. “విద్యార్థిని ఫారాల మీద ఉన్న నలభై ముద్రల్లో ఒక్కదానిలో కూడా గీతలు లేవు. మనిషి వేలికి గీతలుంటాయి. కనక ఇవి రబ్బరుతోనో స్పాంజితోనో అద్దిన నకిలీ ముద్రలు. వాంగ్మూలాల మీద ముద్రలు అసలైనవి. ముప్పై తొమ్మిది స్పష్టంగా ఉన్నాయి, వేర్వేరు మనుషులవి. ఒకదానిలో సిరా అలికినట్టుంది, లెక్కలోకి తీసుకోలేదు.”

“పాపం చిన్నపిల్ల. క్షమాపణ పత్రంతో వదిలేద్దాం మేడమ్” అన్నాడు సూర్యారావు.

ప్రమోదిని ఆయన వైపు దండం పెట్టింది. “థాంక్స్ సార్. కానీ చెయ్యని తప్పుకి రాయలేను.”

నేను లేచాను. “వైకుంఠరావు గారూ, సర్వీసులో ఎన్ని వేలిముద్రలు చూసుంటారు?”

“లక్ష దాటి ఉంటాయి.”

“అందులో జీడి పిక్కలు కొట్టేవాళ్లవి ఎన్ని?”

“నేను చూసినవి దొంగలవయ్యా.”

“అదే వచ్చిన చిక్కు. వీళ్లు దొంగతనాలు చెయ్యరు. అందుకే మీకు తగల్లేదు.” ఫారాలు ఆయన ముందుకి జరిపాను. “ఏళ్ల తరబడి ఆ రసం తగిలితే వేలి మీద చర్మం ఊడి, మళ్లీ వచ్చి, మళ్లీ ఊడి చివరికి నున్నగా అయిపోతుంది. గీతలుండవు. రేషన్ మిషను కూడా వాళ్లని గుర్తుపట్టదు. ఈ పిల్ల ఫారాల మీదున్నవి నిజంగా పిక్కలు కొట్టేవాళ్ల వేళ్లు. మీరు అసలైనవన్న ముప్పై తొమ్మిదీ ఎవరివో నాకు తెలీదు గానీ, జన్మలో ఒక్కరోజు పిక్క పట్టుకున్న వేళ్లు కావు. కాగితం మీద చిన్న మరక కూడా లేదు, చూసుకోండి.”

వైకుంఠరావు ముఖం ఎర్రబడింది. “కథ బాగుంది. మనిషేదీ? ఒక్క వేలు చూపించండి.”

నేను తలుపు వైపు చూశాను. మూడూ ఇరవై. నా దగ్గర మనిషి లేదు. ధర్మారావు వాచీ చూసుకుని, “నాను ఎల్లొచ్చునా మేడమ్?” అన్నాడు.

“నా ఏలు సూడండి.”

గుమ్మం దగ్గర బొడ్డమ్మ. సర్వీసు ఆటో దిగి పరుగెత్తి వచ్చినట్టుంది, ఆయాసపడుతోంది. ధర్మారావు సగం లేచి, మళ్లీ కూర్చున్నాడు. ప్రమోదిని “పిన్నీ!” అంటూ వెళ్లబోతే బొడ్డమ్మ చేత్తో ఆపి, నేరుగా బల్ల దగ్గరికి వచ్చింది.

ఆఫీసు ఇంకుప్యాడ్ మీద బొటనవేలు అద్ది తెల్ల కాగితం మీద నొక్కింది. నల్లటి మరక పడింది. అంతే. వైకుంఠరావు భూతద్దం తీసి చూశాడు. తిప్పి చూశాడు. ఆమె వేలు పట్టుకుని కిటికీ వెలుగులో చూశాడు.

ఆయన కళ్లజోడు తీసేశాడు. “మేడమ్, నా రిపోర్టు తప్పు. రాతపూర్వకంగా ఇస్తాను.” తరవాత బొడ్డమ్మ వైపు తిరిగాడు. “ముప్పై ఏళ్లలో నాకెవరూ నేర్పనిది మీరు నేర్పారమ్మా. నేనొక అమాయకురాల్ని దొంగని చేసి ఇంటికి పోయేవాణ్ని. మీకు చాలా రుణపడ్డాను.”

ఆ క్షణంలో ఆయన మీద నాకున్న కోపమంతా పోయింది. తప్పు ఒప్పుకోడానికి ముప్పై ఏళ్ల సర్వీసు అడ్డురాలేదంటే గొప్పవాడే.

అంతలో ఆయనే కనుబొమలు ముడిచి వాంగ్మూలాల కట్ట లాక్కున్నాడు. గబగబా తిప్పి పదిహేడో కాగితం దగ్గర ఆగాడు. “ఇదే. సిరా అలికిందని నేను వదిలేసింది. సిరా అలకలేదు. ఇది కూడా గీతలు లేని వేలే.” పేరు చదివాడు. “బొడ్డమ్మ.”

ప్రమోదిని మొహంలో రక్తం లేదు. “పిన్నీ, నువ్వు వేశావా? నేను నిన్నడగలేదని వేశావా?”

బొడ్డమ్మ నేల మీద కూలబడి ధర్మారావు వైపు చెయ్యి చూపించింది. “ఏసినానమ్మా. మీ బాబాయిని డయాలసిస్‌కి తీసుకెళ్లే ఆటో ఈ బాబుదే. రెండేళ్లబట్టి ఒక్కరోజు మానకుండా పంపినాడు. ఆ బాబు పెట్టిన బిచ్చం మీదే ఆయన బతికున్నాడని రోజూ దండం పెట్టుకునేదాన్ని. ఒక ఏలు ఏసీ బొడ్డమ్మా అంటే ఎలా కాదంటాను? ఏసినాక తెలిసినాది అది నీ మెడకి ఉరని. ఈరోజు ఆటో రానేదు. ఊళ్లో కుర్రోడి బండి మీద పంపించి ఇటు ఒచ్చీసినాను.”

“ఇప్పుడెందుకు చెబుతున్నావమ్మా?” అంది మేడమ్, మెల్లిగా.

“ఇరవై ఏళ్లు పిక్కలు కొట్టినాను తల్లీ. నీకీ పని ఎన్ని గంటలు పడతాది, సెయ్యి మండతాదా అని ఒక్కలూ అడగలేదు. ఈ గుంట అడిగినాది. అడిగి, రాసుకున్నాది. ఆ బాబుకెంత రుణమో దీనికీ అంత రుణమేను.”

ప్రమోదిని ఆమె పక్కనే నేల మీద కూర్చుని, ఆ నల్లటి చేతిని రెండు చేతుల్లోకి తీసుకుంది. మేడమ్ కళ్లు తుడుచుకుని, “ప్రాజెక్టు రద్దు చెయ్యాల్సిన పని లేదు. ఈ ఫారాలు నిజమైనవే. ఈరోజే తూనికల శాఖకి రాస్తాను” అంది. నా మనసు తేలికపడింది. బైకు పెట్రోలు కూడా గుర్తు రాలేదు.

కానీ లెక్క ఇంకా తేలలేదు. “ఒక్క మాటమ్మా. నలభైలో మీదొకటి. మిగతా ముప్పై తొమ్మిదీ ఎవరివి?”

ధర్మారావు అప్పటికే ఫోను చెవిన పెట్టుకుని వరండాలోకి నడుస్తున్నాడు. వైకుంఠరావు వెళ్లి తలుపుకి అడ్డంగా నిలబడ్డాడు.

“ఆ రోజు బస్సులో కాలేజీ గుంటలు ఒచ్చినారు బాబూ, ఫ్యాక్టరీ సూడ్డానికి. గేటు పాసుకని ఒక్కొక్కల చేతా ఏటీ రాయని కాయితం మీద ఏలు ఏయించినారు. ఒకటి తక్కువైనాదని నన్ను పిలిసినారు.”

మేడమ్ కుర్చీ వెనక్కి జరిగింది. “పన్నెండో తారీఖు. ఫస్టియర్ బీకాం ఇండస్ట్రియల్ విజిట్. పర్మిషన్ మీద నేనే సంతకం పెట్టాను. ముప్పై తొమ్మిది మంది.”

“వాళ్లని తీసుకొచ్చిన మనిషిని చూస్తే గుర్తుపడతారా అమ్మా?” అన్నాను.

బొడ్డమ్మ లేవలేదు. కూర్చున్న చోటినుంచే చెయ్యెత్తి బల్ల వైపు చూపించింది. సూర్యారావు తన ముందున్న తెల్ల కాగితాల మీంచి తల ఎత్తలేదు.

“ఆ సారే” అంది బొడ్డమ్మ. “కాయితాలు పంచిందీ ఆయనే. పాపం, ఆ గుంటలందరూ సారుకి థాంక్యూ సెప్పి మరీ బస్సెక్కినారు.”